చైనా మూలికా వైద్యం: పేరు తెలిసి, తూకం తెలిసి వాడుదాం

పండుగనాడు బిర్యానీలో వేసే దాల్చిన చెక్క పేరు ఎక్కడి నుండి వచ్చిందో మనలో ఎంతమంది ఆలోచించి ఉంటారు? ఫారసీ భాషలో 'దార్‌చీనీ' అంటే చైనా చెక్క అని అర్థం. ఆ మాటే ఉర్దూలో దాల్‌చీనీగా, తెలుగులో దాల్చినిగా స్థిరపడింది. అంటే చైనా ఔషధాల జాడ శతాబ్దాలుగా మన వంటింటి డబ్బాలోనే ఉన్నదన్నమాట. మనం దానిని వైద్యంగా గుర్తించలేదంతే.

ఇటీవల పరిస్థితి మారింది. మేము బోధించే మదరసా జీడిమెట్లలో ఉంది. ఇక్కడి కర్మాగారాల్లో పనిచేసే కార్మికుడు మోకాళ్ళ నొప్పులకు 'చైనా మూలికల పొడి' తెచ్చుకుంటున్నాడు. మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో కంప్యూటర్ ఉద్యోగం చేసే అతని కుమారుడు అలసట పోవడానికి ఆన్‌లైన్‌లో జిన్సెంగ్ వేరు తెప్పించుకుంటున్నాడు. ఇంట్లో ఆడవారు బరువు తగ్గడానికి ఏవేవో చైనా తేనీటి పొట్లాలు కొంటున్నారు. 'ఇవి వాడవచ్చునా? ఇవి హలాలేనా?' అని పలువురు మమ్మల్ని అడుగుతున్నారు. ఒక్క మాటలో సమాధానం చెప్పగల ప్రశ్నలు కావివి. అందుచేత ఈ వైద్యం ఏమిటో, అందులో మేలు ఎంతో, ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుందో పాఠకుల ముందుంచదలచాము.

'చీనీ' పేర్ల వెనుక కథ

పాతబస్తీలోని ఏ అత్తారు దుకాణంలోనైనా అడిగి చూడండి. రేవంద్ చీనీ, చోబ్ చీనీ, కబాబ్ చీనీ అనే పేర్లు వినిపిస్తాయి. రేవంద్ చీనీ మలబద్ధకానికి మన హకీములు వాడే వేరు. చైనీయులు దీనినే 'దా హువాంగ్' అంటారు. చోబ్ చీనీ అంటే చైనా కర్ర. 16వ శతాబ్దంలో ఇది సముద్ర మార్గాన మన దేశానికి విరివిగా వచ్చింది. 1563లో గోవాలో అచ్చయిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా గ్రంథంలో దీని ప్రస్తావన ఉంది. మన తెలుగువారు మాత్రం దీనిని పరంగి చెక్క అన్నారు. తెచ్చి అమ్మినవాడు పరంగివాడు గనుక ఆ పేరు. ఒకే వేరుకు హకీము పుట్టిన దేశం పేరు పెడితే, తెలుగు వైద్యుడు అమ్మినవాని పేరు పెట్టాడు.

ఇక కబాబ్ చీనీ విషయం మరీ విచిత్రం. తెలుగులో చలవ మిరియాలనే ఈ దినుసు చైనాది కానే కాదు, జావా ద్వీపానిది. తూర్పు నుండి ఓడల మీద వచ్చినదంతా చైనాదేనని ప్రజలు అనుకోవడం వల్ల ఆ పేరు నిలిచిపోయింది. పేరును బట్టి వస్తువును నమ్మరాదన్న ఈ చిన్న పాఠాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు ముందు ఇది ప్రాణాలకు సంబంధించిన విషయంగా మారుతుంది.

చైనా వైద్యులు దేహాన్ని ఎలా చూశారు?

యునానీ వైద్యం ప్రకారం మనిషి దేహంలో దమ్, బల్‌గమ్, సఫ్రా, సౌదా అనే నాలుగు ధాతువులు ఉంటాయి. వాటి సమతూకమే ఆరోగ్యం. ప్రతి మనిషికీ, ప్రతి మందుకూ ఒక మిజాజ్ ఉంటుంది. అది వేడిదో చల్లనిదో, తడిదో పొడిదో అయి ఉంటుంది.

చైనా వైద్యం పునాది వేరు, కానీ దారి దగ్గరిదే. దేహంలో 'యిన్', 'యాంగ్' అనే రెండు గుణాలు ఒకదానినొకటి నిలుపుతూ ఉంటాయని వారు భావించారు. యిన్ చల్లదనానికీ, నిలకడకూ గుర్తు. యాంగ్ వేడిమికీ, చలనానికీ గుర్తు. 'చి' అనే ప్రాణశక్తి దేహమంతటా ప్రవహిస్తుందని, అది అడ్డగించబడితే రోగం వస్తుందని వారి అభిప్రాయం. కొయ్య, నిప్పు, మట్టి, లోహం, నీరు అనే ఐదు తత్త్వాలతో అవయవాలను ముడిపెట్టారు. మూలికలను వేడివి, వెచ్చనివి, చల్లనివి, అతిశీతలమైనవి అని విభజించారు. ఆధునిక శాస్త్రం 'చి'ని గాని, నాలుగు ధాతువులను గాని కొలిచి చూపలేదు. ఇవి ఆ కాలపు పండితులు తమ అనుభవాన్ని అమర్చుకున్న పద్ధతులని గ్రహిస్తే చాలు.

రోగ నిర్ధారణకు చైనా వైద్యుడు నాలుగు పనులు చేస్తాడు. రోగి ముఖాన్నీ నాలుకనూ చూస్తాడు. అతని స్వరం, శ్వాస వింటాడు, వాసన గమనిస్తాడు. ప్రశ్నలు అడుగుతాడు. చివరికి నాడి పడతాడు. మన హకీము నబ్జ్ చూసే తీరు చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు.

మందు తయారీలో మాత్రం వారిదొక ప్రత్యేకత ఉంది. సాధారణంగా ఒకే మూలికను ఇవ్వరు, అనేక మూలికలను కూర్చుతారు. ఆ కూర్పులో ఒకటి రాజు, మరొకటి మంత్రి, ఇంకొకటి సహాయకుడు, వేరొకటి దూత. రాజు అసలు రోగంపై పనిచేస్తాడు, మంత్రి అతనికి బలం చేకూరుస్తాడు, సహాయకుడు చెడు ప్రభావాన్ని అణచుతాడు, దూత మందును చేరవలసిన చోటికి చేరుస్తాడు. ఇలా కూర్చిన మూలికలను నీటిలో మరిగించి కషాయంగా తాగిస్తారు. చలికాలంలో మన ఇళ్ళలో కాచే జోషాందా ఇటువంటిదే. జోషాందాలో వేసే ఉన్నాబ్ పండు, చైనా కషాయాలలో పడే ఎర్ర ఖర్జూరం వంటి పండు ఒకే జాతి చెట్టువి. ములేఠీ, శొంఠి, దాల్చిని రెండు వైద్యాలలోనూ ఉన్నాయి.

గ్రంథాలు, పండితులు

చైనా మూలికా గ్రంథాలలో ప్రాచీనమైనది షెన్‌నాంగ్ పేరిట ప్రసిద్ధమైనది. క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటికి రూపుదిద్దుకున్న ఈ గ్రంథం 365 ఔషధాలను మూడు తరగతులుగా విభజించింది. దీర్ఘకాలం వాడదగినవి మొదటి తరగతి. విషస్వభావం కలిగి, కొద్దికాలం మాత్రమే వాడవలసినవి చివరి తరగతి. అనగా మూలికలన్నీ నిరపాయకరమని చైనా వైద్యులు ఏనాడూ చెప్పలేదు.

ఈ పరంపరలో శిఖరం వంటివాడు 16వ శతాబ్దపు లీ షిజెన్. దాదాపు 27 సంవత్సరాలు శ్రమించి 1578లో తన మహాగ్రంథాన్ని ముగించాడు. అందులో 1,892 ఔషధ ద్రవ్యాలు, పదకొండు వేలకు పైగా యోగాలు ఉన్నాయి. పాత పుస్తకాలలోని తప్పులను దిద్దడానికి ఆయన కొండలూ పొలాలూ తిరిగి మొక్కలను స్వయంగా పరిశీలించాడు, రైతులనూ జాలరులనూ అడిగి తెలుసుకున్నాడు. గ్రంథం అచ్చయ్యేనాటికి ఆయన జీవించి లేడు. 1593లో మరణించగా, 1596లో అది వెలువడింది.

ముస్లిం వైద్యులతో బంధం

విద్య కోసం చైనాకైనా వెళ్ళమన్న మాట మన సభలలో హదీసుగా తరచు వినిపిస్తుంది. దాని పరంపర నమ్మదగినది కాదని హదీసు పండితులు తేల్చారు. కాబట్టి దానిని దైవప్రవక్త (స) పేరిట చెప్పరాదు. అయితే మన పూర్వికులు చైనా విద్యను నేర్చుకున్నది మాత్రం చరిత్ర.

ఇరాన్‌ను పాలించిన మంగోలు సుల్తానుల మంత్రి, వైద్యుడు రషీదుద్దీన్ 1313లో 'తన్సూఖ్‌నామా' అనే గ్రంథాన్ని సిద్ధం చేయించారు. చైనా వైద్యాన్ని, ముఖ్యంగా నాడీ శాస్త్రాన్ని, ఫారసీలోకి తెచ్చిన గ్రంథమిది. దీని ప్రతి ఇస్తాంబుల్‌లో భద్రంగా ఉంది. ఎదురు దిశలోనూ విద్య ప్రయాణించింది. 'హుయ్‌హుయ్ యావోఫాంగ్' అనే చైనా గ్రంథం పేరుకు ముస్లింల ఔషధ యోగాలని అర్థం. చైనా లిపి మధ్య అరబీ లిపిలో మందుల పేర్లు రాసిన ఈ గ్రంథంలో మొత్తం 36 భాగాలు ఉండగా నేడు నాలుగు మాత్రమే మిగిలాయి. అవి బీజింగ్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. 1025 ప్రాంతంలో ఇబ్నె సీనా పూర్తిచేసిన 'అల్ ఖానూన్' వంటి గ్రంథాల విద్య చైనా వరకు చేరిందనడానికి ఇది సాక్ష్యం.

మలేరియా చెప్పిన పాఠం

మూలికా విద్య మానవాళికి ఎంతటి మేలు చేయగలదో చూడాలంటే మలేరియా కథ తెలుసుకోవాలి. ఆ కథలో మొదటి అధ్యాయం మన ఊరిదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. బేగంపేటలో ఆయన పేరిట వెలసిన సంస్థ జీడిమెట్లకు ఎంతో దూరం కాదు.

రెండవ అధ్యాయం బీజింగ్‌లో జరిగింది. అప్పటికి వాడుకలో ఉన్న క్లోరోక్విన్ మందుకు మలేరియా క్రిమి లొంగడం మానింది. కొత్త మందు కోసం 1967 మే 23న చైనా ప్రభుత్వం రహస్యంగా ఒక పరిశోధన ప్రారంభించింది. 1969లో థు యూయూ అనే మహిళా శాస్త్రవేత్తకు మూలికల విభాగం బాధ్యత అప్పగించారు. ఆమె బృందం పాత గ్రంథాలు, పల్లె వైద్యుల నుండి రెండు వేలకు పైగా యోగాలను సేకరించింది. వాటిలో మన మాచిపత్రికి దగ్గరి బంధువైన చింగ్‌హావో అనే మొక్క ఆశ కలిగించింది. కాని ఒకసారి పనిచేసిన సారం మరొకసారి పనిచేయలేదు.

నాలుగవ శతాబ్దపు వైద్యుడు గ హొంగ్ పుస్తకాన్ని ఆమె మళ్ళీ చదివారు. గుప్పెడు చింగ్‌హావోను నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగాలని ఆయన రాశాడు. మరిగించమనలేదు! వేడి వల్లనే మందు నశిస్తున్నదేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడిలోనే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరులో ఆ సారం జంతువులలో మలేరియా క్రిమిని పూర్తిగా హరించింది. మరుసటి ఏడు రోగులకు ఇచ్చేముందు ఆమె, ఆమె సహచరులు తామే దానిని మింగి పరీక్షించుకున్నారు. అదే ఆర్టెమిసినిన్. దాని ఆధారంగా తయారైన మందులు లక్షలాది ప్రాణాలను కాపాడాయి. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి దక్కింది.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ మొక్క పదహారు శతాబ్దాలుగా పుస్తకంలో ఉంది. అది నమ్మకమైన మందుగా మారింది ఎప్పుడు? సరైన మొక్కను గుర్తించి, అందులోని పదార్థాన్ని వేరుచేసి, తూచి, పరీక్షించినప్పుడు. నేటికీ ఆ మొక్క ఆకులను తేనీరుగా కాచి మలేరియాకు తాగవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. ఆకులో మందు ఎంత ఉన్నదో తెలియదు. చాలీచాలని మోతాదు రోగిని కాపాడదు, క్రిమికి మాత్రం మందును తట్టుకోవడం నేర్పుతుంది.

మూలిక గదా, ఏం చేస్తుంది?

ఇప్పుడు దీనికి విరుద్ధమైన కథ చెప్పాలి. 1990 దశకం ఆరంభంలో బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో బరువు తగ్గించే ఒక చికిత్సాలయంలో స్త్రీలకు చైనా మూలికల మాత్రలు ఇచ్చారు. కొంతకాలానికి వారిలో మూత్రపిండాలు చెడిపోవడం మొదలైంది. 1993లో ఈ విషయం వైద్యలోకానికి వెల్లడయింది. బాధితుల సంఖ్య వంద దాటింది. కొందరికి తరువాత మూత్రనాళ క్యాన్సర్ కూడా వచ్చింది. కారణం ఏమిటి? రెండు మూలికల పేర్లు దగ్గరగా ఉన్నాయి. ఒకటి ఫాంగ్ జీ, మరొకటి గ్వాంగ్ ఫాంగ్ జీ. మొదటిదానికి బదులు రెండవది మాత్రలోకి చేరింది. ఆ రెండవ దానిలో అరిస్టోలోకిక్ ఆమ్లం అనే విషం ఉంది.

ఇది దూరదేశపు ముచ్చట అనుకోవద్దు. ఆ విషం గల మొక్కల కుటుంబానికి చెందిన ఈశ్వరి వేరు మన పల్లెల్లో దొరుకుతుంది. యునానీలో జరావంద్ అనేది కూడా ఆ కుటుంబపు మూలికే. తెలియనివారు ఇచ్చే పొడిలో అవి ఉన్నాయేమో కంటికి తెలియదు.

మంచి మూలిక కూడా చోటు తప్పితే కీడు చేస్తుంది. మా మదరసాలో చదివే ఒక బాలుని దాదీకి రక్తపోటు ఉంది. పొడి దగ్గు కోసం ఆమె నెలల తరబడి రోజూ ములేఠీ కషాయం తాగారు. క్రమం తప్పక మాత్రలు వేసుకున్నా రక్తపోటు దిగలేదు, కాళ్ళు వాచాయి. ఇంకేమైనా వాడుతున్నారా అని వైద్యుడు అడిగితే ఆమె లేదన్నారు. ఆమె దృష్టిలో అది మందు కాదు గదా! పక్కనే ఉన్న మనుమడు, 'దాదీ రోజూ ములేఠీ తాగుతుంది' అన్నాడు. అది మాన్పించాక రక్తపోటు అదుపులోకి వచ్చింది. అతిమధురమని మనం పిలిచే ములేఠీ దీర్ఘకాలం ఎక్కువగా వాడితే దేహంలో ఉప్పును, నీటిని నిలుపుతుంది, పొటాషియంను తగ్గిస్తుంది. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం. చైనా కషాయాల్లో చాలావాటిలో ములేఠీ ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి.

జిన్సెంగ్ సంగతి కూడా అంతే. గుండె కవాటం మార్పించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడతారు. జిన్సెంగ్ ఆ మందు పనిని తగ్గించవచ్చు. డాన్‌షెన్ అనే మరో చైనా వేరు దానిని మితిమీరించి రక్తస్రావానికి దారితీయవచ్చు. మా హువాంగ్ అనే మూలికలోని ఎఫెడ్రిన్ గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచుతుంది. బరువు తగ్గడానికి అమ్మిన దాని ఉత్పత్తులను 2004లో అమెరికా నిషేధించింది. ఇవిగాక, మూలికా మందులంటూ అమ్మే కొన్ని నొప్పుల పొడులలో స్టెరాయిడ్లు, బరువు తగ్గించే మాత్రలలో నిషిద్ధ రసాయనాలు కలిపినట్లు అనేక దేశాల ఔషధ నియంత్రణాధికారులు పట్టుకున్నారు. నొప్పి ఒక్క రోజులో మాయమైతే సంతోషించడానికి ముందు సందేహించాలి.

హలాల్, హరామ్ ప్రశ్న

చైనా ఔషధాలలో అధికభాగం మొక్కలే. వాటిలో మత్తు గాని, విషం గాని లేనంతవరకు వాడటానికి ధర్మపరమైన అడ్డంకి లేదు. అయితే ఆ వైద్యంలో జంతు పదార్థాలు కూడా ఉన్నాయి. గాడిద చర్మం నుండి తీసిన జిగురు, ఎలుగుబంటి పిత్తం, పాము, తేలు అందులో భాగం. కొన్ని మూలికలను సారాయిలో నానబెట్టి ఇస్తారు. పెంపుడు గాడిద మాంసాన్ని ఖైబర్ సందర్భంగా దైవప్రవక్త (స) నిషేధించారని, మద్యం మందు కాదు, అదే రోగమని బోధించారని ప్రామాణిక హదీసులలో ఉంది. ప్రాణాపాయంలో వేరే మార్గం లేనప్పటి ఆదేశాలపై ధర్మవేత్తల చర్చ వేరు. బరువు తగ్గడానికో, బలానికో కొనే పొట్లానికి ఆ మినహాయింపు వర్తించదు. పెట్టెపై ఉన్న పదార్థాల జాబితా చదవలేని భాషలో ఉంటే దానిని కొనకపోవడమే జాగ్రత్త.

మన ముందున్న బాధ్యత

తేనెలో ప్రజలకు స్వస్థత ఉందని దివ్య ఖుర్ఆన్ అన్ నహ్ల్ సూరా తెలుపుతున్నది. ప్రతి రోగానికీ అల్లాహ్ మందును దించాడని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు. ఈ రెండింటినీ మనం తరచు చెప్పుకుంటాము. కాని అబూదావూద్ తదితర గ్రంథాలలో ఉన్న మరొక బోధనను అంతగా చెప్పుకోము. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు కలిగిన నష్టానికి బాధ్యుడవుతాడన్నదే ఆ బోధన. మన ధర్మం మందుపై ఆశను, మందు ఇచ్చేవానిపై బాధ్యతను కలిపే నేర్పింది. పొరుగింటివారికి 'మాకు పనిచేసింది, మీరూ వాడండి' అని పొట్లం అందించే ముందు ఈ బోధనను తలచుకోవాలి.

1960వ దశకంలో బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. వెలసిన నాటి నుండి మన ప్రాంతం మందుల తయారీకి పేరుపొందింది. మా మదరసా పిల్లల తండ్రులలో ఎందరో ఆ కర్మాగారాలలో పనిచేస్తున్నారు. పేరు, బ్యాచ్ నంబరు లేని డ్రమ్ము లోపలికి రానివ్వరాదని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అదే నియమం ఇంటి గడప దగ్గర కూడా అమలు కావాలని మా మనవి. అందుకు కొన్ని సూచనలు:

1. మన దేశంలో ప్రభుత్వం గుర్తించిన ఆయుష్ పద్ధతులు ఆయుర్వేదం, యోగా, ప్రకృతి వైద్యం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా, హోమియోపతి. చైనా మూలికా వైద్యం వాటిలో లేదు. మూలికా వైద్యం కావాలనుకునేవారికి అర్హులైన యునానీ వైద్యులు చేరువలోనే ఉన్నారు. చార్మినార్ వద్ద నిజామియా ప్రభుత్వ యునానీ ఆసుపత్రి ఉంది. ఎర్రగడ్డలో యునానీ చర్మవ్యాధుల జాతీయ పరిశోధనా సంస్థ ఉంది.

2. పెట్టెపై మూలికల పేర్లు, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేని ఏ పొడినీ కొనవద్దు.

3. మధుమేహం, క్యాన్సర్ వంటి రోగాలను నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. అలా ప్రకటించేవాడు మొదటి అడుగులోనే చట్టాన్ని ఉల్లంఘిస్తున్నాడు.

4. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఇంట్లో తాగే కషాయాలు, పొడులు, తేనీటి పొట్లాలు అన్నీ వైద్యునికి చెప్పండి. వీలైతే పొట్లాన్ని వెంట తీసుకెళ్ళండి.

5. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, మూత్రపిండాల, కాలేయ వ్యాధిగ్రస్తులు వైద్యుని అనుమతి లేనిదే ఏ మూలికనూ వాడరాదు. శస్త్రచికిత్సకు ముందు కూడా ఈ జాగ్రత్త అవసరం.

6. వైద్యుడు రాసిన రక్తపోటు, మధుమేహ మాత్రలను ఏ మూలికను నమ్మి కూడా మీ అంతట మీరు ఆపవద్దు.

లీ షిజెన్ తన విద్యను కొండల వెంట తిరిగి సరిచూసుకున్నాడు. థు యూయూ తాను తయారుచేసిన మందును ముందు తానే మింగారు. మన హకీములలో ఉత్తములు రోగి నబ్జ్ చూడనిదే నుస్ఖా రాయలేదు. ఈ దేశం, ఆ దేశం అనే తేడా లేకుండా నిజమైన వైద్యులందరిదీ ఒకటే నడవడి. ఇచ్చేదేమిటో వారికి తెలుసు, ఎంత ఇవ్వాలో తెలుసు, దానికి తామే జవాబుదారులమని తెలుసు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ పొట్లం మీద ఏ దేశం పేరున్నా మన ఇంట్లోకి రానివ్వకూడదు.

దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దానిని కాపాడుకునే వివేకాన్ని, ఆయన సృష్టించిన మొక్కలలోని మేలును తెలుసుకునే జ్ఞానాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! రోగులందరికీ సంపూర్ణ స్వస్థతను అనుగ్రహించుగాక! ఆమీన్.